తూటా వెనుక చేతులు

యుద్ధం అనగానే తుపాకీ పట్టినవాళ్లే మనకు గుర్తుకొస్తారు. మరి ఆ తుపాకీకి మందుగుండు తయారుచేసింది ఎవరు? దాన్ని మోసింది ఎవరు? తుపాకీ పట్టినాయనకు ఇంత బువ్వ పెట్టింది ఎవరు? చాలాచోట్ల ఆడవాళ్లే. వాళ్ల పేర్లు ఎందుకు మాసిపోతాయి, ఎట్లా నిలుపుకోవాలి అనేదే ఈ వ్యాసం.

ముందు దూరదేశం సంగతి చూద్దాం. 1914–18 మధ్య జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు మగవాళ్లు సైన్యంలోకి పోయారు. లక్షలమంది స్త్రీలు ఫ్యాక్టరీలలో చేరి ఫిరంగి గుండ్లు తయారుచేశారు. గుండ్లలో నింపే టి.ఎన్.టి. అనే మందు వల్ల వాళ్ల చర్మం పసుపుపచ్చగా మారేది. కొందరు కామెర్లు వచ్చి చనిపోయారు. లీడ్స్ నగరం దగ్గర బార్న్‌బో ఫ్యాక్టరీలో 1916 డిసెంబరు 5 రాత్రి గుండు పేలి 35 మంది స్త్రీలు మరణించారు. శత్రువుకు తెలుస్తుందని ప్రభుత్వం ఆ వార్తను పత్రికలలో రానివ్వలేదు. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు గాని అసలు సంగతి బయటపడలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1946 నుండి 1951 దాకా తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం జరిగింది. ఇక్కడ ఫ్యాక్టరీ ఎక్కడిది? ఊరే ఫ్యాక్టరీ. వడిసెలలకు రాళ్లు ఏరి కుప్ప పోసింది, కారం పొడి సిద్ధం చేసుకున్నది, చీటీలు చేరవేసింది, అర్ధరాత్రి దళానికి వండిపెట్టింది స్త్రీలే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన తర్వాత దళాలు గోదావరి అడవుల వైపు జరిగాయి. కోయగూడేల అండ లేకుంటే అవి అడవిలో బతకగలిగేవి కావు. అందుకే గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని క్యాంపుల దగ్గరికి తోలారు. మల్లు స్వరాజ్యం గిరిజనుల మధ్య రాజక్క అనే పేరుతో పనిచేసింది. ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. కమలమ్మ అనే ఆమె దళంతో తిరుగుతూ తన పసిబిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయాల్సి వచ్చింది.

ఇవన్నీ మనకు ఎట్లా తెలిశాయి? అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ స్త్రీలను కలిసి, వాళ్ల మాటలు టేపులలో ఎక్కించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ కూడా అందులో ఉంది. ఆమె 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. ఇంకొన్నాళ్లు ఆలస్యం చేసి ఉంటే ఆమె గొంతు దొరికేదే కాదు. మల్లు స్వరాజ్యం చెప్పిన జీవితకథ 2019లో 'నా మాటే తుపాకీ తూటా' పేరుతో వచ్చింది. 2022లో ఆమె కూడా వెళ్లిపోయింది.

మిత్రులారా! 1948లో పదిహేనేళ్లున్న పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. మన కొత్తగూడ, గంగారం, గుండాల వైపు గూడేలలో ఆనాటి మాటలు విన్న బిడ్డలు, కోడళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడగాల్సింది మనమే.

ఎట్లా అడగాలి? "అవ్వా, నువ్వు పోరాటం చేసినవా?" అంటే "నేనేం జేసిన బిడ్డా, వండి పెట్టిన, అంతే" అని ఊకుంటది. వండిపెట్టడం కూడా పోరాటమేనని ఎవరూ ఆమెకు చెప్పలేదు. అందుకని చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి:

1. రాత్రిపూట అన్నం ఎవరు వండేవాళ్లు? గింజలు ఎక్కడివి?
2. పోలీసులు వస్తే ఏం చెప్పేవాళ్లు?
3. గూడెం ఖాళీ చేసిన రోజు ఏమేం మోసుకపోయారు?
4. ఆ పనిలో ఇంకా ఎవరెవరు ఉండె?

ముందుగా ఆమెను అడిగి, సరేనంటేనే రాయాలి. ఆమె కోయలో చెబితే ఆ కోయ మాటనే తెలుగు అక్షరాలలో రాసి, అర్థం కింద పెట్టాలి. మన సొంత మాటలు కలపరాదు. పేరు, ఊరు, అడిగిన తేదీ తప్పకుండా వేయాలి. కన్నీళ్లు పెట్టుకుంటే అక్కడికి ఆపేయాలి.

వార్డెన్ సార్లకు, మేడంలకు మా మనవి ఒక్కటే. దసరా సెలవులకు ముందు తలా ఒక నోటుబుక్కు ఇప్పించండి. సెలవుల నుండి వచ్చినాక వాటిని లైబ్రరీ బీరువాలో దాచండి. గోడ మీది ఈ కాగితం నెలకు మారిపోతది. బీరువాలోని నోటుబుక్కు మాత్రం మా తర్వాత వచ్చే పిల్లల దాకా ఉంటది.