'లెట్ త్రూ': దారి ఇవ్వమని ఇంగ్లీష్‌లో ఎలా అడగాలి?

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయే ఫ్రేజల్ వెర్బ్ 'లెట్ త్రూ'. చూడ్డానికి రెండు చిన్న మాటలే. కానీ వేరే రాష్ట్రంలో ఉన్నారనుకోండి, వెనకాల అంబులెన్స్ సైరన్ మోగుతోంది, ముందున్నవాళ్లకి తెలుగు రాదు. అప్పుడు ఈ మాటలే పనికొస్తాయి.

'లెట్' అంటే అనుమతించడం. 'త్రూ' అంటే మధ్యలోంచి, ఇటు నుంచి అటు దాకా. రెండూ కలిస్తే 'దాటి పోనివ్వడం', అంటే దారి ఇవ్వడం. తెలుగులో మనం పోనివ్వు, రానివ్వు అంటాం కదా? అందులో 'నివ్వు' చేసే పనే ఇక్కడ 'లెట్' చేస్తుంది.

'లెట్ ఇన్' అంటే లోపలికి రానివ్వడం. 'లెట్ అవుట్' అంటే బయటికి పోనివ్వడం. 'లెట్ త్రూ' అంటే అడ్డు తొలగి దాటనివ్వడం.

ఇప్పుడు వాడుక చూద్దాం.

'లెట్ ది అంబులెన్స్ త్రూ!' అంటే అంబులెన్స్‌కి దారి ఇవ్వండి. ఇది మర్యాద మాత్రమే కాదండోయ్, చట్టం కూడా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అంబులెన్స్‌కి దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

'ది గార్డ్ వోంట్ లెట్ అస్ త్రూ' అంటే గార్డు మమ్మల్ని పోనివ్వడం లేదు.

'థిన్ కర్టెన్స్ లెట్ లైట్ త్రూ' అంటే పల్చటి కర్టెన్లలోంచి వెలుతురు వస్తుంది. అంటే మనుషులకే కాదు, వస్తువులకీ వాడొచ్చన్నమాట.

మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, మీ, హిమ్, అస్ లాంటి మాటలు మధ్యలోనే రావాలి. 'లెట్ మీ త్రూ' కరెక్ట్, 'లెట్ త్రూ మీ' తప్పు.

రెండు, నిన్న జరిగినా 'లెట్' అనే అనాలి. 'లెటెడ్' అనే మాటే లేదు. 'దే లెట్ మీ త్రూ యెస్టర్‌డే' అంటే సరిపోతుంది.

మూడు, రద్దీ బస్సులో ముందుకి వెళ్లాలంటే 'లెట్ మీ గో' అనకండి. ఎవరో చెయ్యి పట్టుకుంటే 'నన్ను వదలండి' అన్నట్టుంటుంది. 'ఎక్స్‌క్యూజ్ మీ, ప్లీజ్ లెట్ మీ త్రూ' అనండి.

ఇప్పుడు ఒక చిన్న ప్రాక్టీస్. హాస్పిటల్ గేటు దగ్గర జనం ఉన్నారు. 'మా తమ్ముడు లోపల ఉన్నాడు, కాస్త దారి ఇవ్వండి' అనాలి. వీడియో పాజ్ చేసి మీరే చెప్పండి.

చెప్పారా? 'మై బ్రదర్ ఈజ్ ఇన్‌సైడ్. ప్లీజ్ లెట్ మీ త్రూ.' అంతే! ఐదుసార్లు పైకి అనండి. అవసరం వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.