మడతబందు దగ్గర తేలే లెక్క

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖరారైన ఇళ్లలో తర్వాతి చర్చ కంప్యూటర్ మీదే. రాజమండ్రి అయినా, భీమవరమైనా, అమలాపురమైనా ప్రశ్న ఒకటే: తేలికపాటి ల్యాప్‌టాప్ కొనాలా, కీబోర్డు తగిలించుకునే ట్యాబ్ తీసుకుంటే రెండు పనులూ అయిపోతాయా? షాపులో ర్యామ్ ఎంత, స్టోరేజ్ ఎంత, ప్రాసెసర్ ఏ తరానిది అని చెబుతారు. అవీ తెలుసుకోవాల్సినవే. అయితే ఈ పోటీలో అసలు చిక్కుముడి తెరా కీబోర్డూ కలిసే చోట ఉంది. తలుపుకి మడతబందు ఎలాంటిదో కంప్యూటర్‌కి హింజ్ అలాంటిది. అంత ఇరుకు జాగాలో అంత తెలివి దాచుకున్న భాగం నేటి కంప్యూటర్లో మరొకటి దొరకడం కష్టం.

ఈ ప్రశ్నను ప్రపంచం ముందు బాహాటంగా పెట్టిన కంపెనీ మైక్రోసాఫ్ట్. హైదరాబాద్‌లో పుట్టి, అనంతపురం జిల్లా బుక్కాపురం మూలాలున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న ఆ సంస్థ సీఈవో అయ్యారు. మూడున్నర నెలలకే, మే 20న, న్యూయార్క్‌లో సర్ఫేస్ ప్రో 3ని ఆవిష్కరించారు. ల్యాప్‌టాప్ స్థానాన్ని తీసుకోగల ట్యాబ్ ఇదేనని కంపెనీ ప్రకటించింది. దాన్ని తీర్చిదిద్దిన బృందానికి నాయకుడు పానోస్ పనాయ్. ఆయన పదేపదే చెప్పిన గుణం ఒకటుంది: బల్ల మీద కాదు, ఒడిలో పెట్టుకున్నా నిలబడాలి. వినడానికి చిన్న కోరికలా ఉంటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు మీద కూర్చుని రికార్డు పూర్తి చేసుకునే విద్యార్థికి మాత్రం అంతా అదే.

ఒడిలో నిలబడటం ఎందుకంత కష్టం? పదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, మదర్‌బోర్డు, ఫ్యాన్, స్పీకర్లు అన్నీ కీబోర్డు కింద ఉంటాయి. పైన ఉండేది పల్చటి తెర మాత్రమే. ట్యాబ్‌లో ఇది తలకిందులవుతుంది. విడదీస్తే దానంతట అది పనిచేయాలి కాబట్టి బ్యాటరీ, ప్రాసెసర్ అన్నీ తెర వెనకే సర్దాలి. కీబోర్డు కేవలం అట్ట ముక్కంత. సర్ఫేస్ ప్రో 3 బరువు 800 గ్రాములు, దాని కీబోర్డు సుమారు 300 గ్రాములు.

ఇప్పుడు ఆ రెండింటినీ గట్టి మడతబందుతో కలిపి, వెనక ఏ ఆధారమూ లేకుండా ఒడిలో పెట్టామనుకుందాం. ట్యాబ్ ఎత్తు 20 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం ఇంచుమించు మధ్యలో, అంటే అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర. తెరను నిలువు నుంచి 24 డిగ్రీలు వెనక్కి వాలిస్తే ఆ కేంద్రం బందుకి 4 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. 800ని 4తో గుణిస్తే 3,200 గ్రాము-సెంటీమీటర్లు. వెనక్కి పడదోసే భ్రామకం అది. దానికి ఎదురు నిలవాల్సిన కీబోర్డు 300 గ్రాములు, కేంద్రం 11 సెంటీమీటర్ల దూరంలో. లెక్క 3,300. త్రాసు దాదాపు సమానం. ఇంకొక్క డిగ్రీ వాల్చినా ట్యాబ్ వెనక్కి పడుతుంది. అదీ ఎవరూ ముట్టుకోకపోతేనే. వేలితో తెర పైఅంచుని 100 గ్రాముల బలంతో నొక్కితే మరో 2,000 వచ్చి చేరుతుంది. అప్పుడు తొమ్మిది డిగ్రీల వాలుకే పట్టు తప్పుతుంది. టచ్ స్క్రీన్ అంటే ముట్టుకోవడానికే కదా!

అదే లెక్క 2014 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్‌కి వేద్దాం. మొత్తం 1.35 కిలోలు. మూత అందులో మూడో వంతు అనుకున్నా కింది భాగానికి 900 గ్రాములు మిగులుతాయి. దాని భ్రామకం పదివేలు. మూతను పూర్తిగా వెనక్కి పరిచినా ఐదువేలు దాటదు. ల్యాప్‌టాప్ పడిపోకపోవడంలో మాయ లేదు. బరువు ఉండాల్సిన చోట ఉంది, అంతే.

కాబట్టి ట్యాబ్ తయారీదారు ముందు ఉన్నవి మూడే దారులు. వెనక కాలు పెట్టాలి. లేదా కింద బరువు పెంచాలి. లేదా తెరని ముందుకు జరపాలి. పదేళ్లలో మూడు దారుల్లోనూ నడిచినవాళ్లున్నారు.

కాలు పెట్టడం మైక్రోసాఫ్ట్ మొదటి మార్గం. 2012లో వచ్చిన తొలి సర్ఫేస్ వెనక రేకు తలుపులాంటి స్టాండ్ ఉండేది. తెరిస్తే ఒకే కోణంలో, 22 డిగ్రీల దగ్గర, ఆగేది. మరుసటి ఏడాది ప్రో 2లో రెండు కోణాలయ్యాయి. ప్రో 3కి వచ్చేసరికి మెట్లు పోయి ఘర్షణ వచ్చింది. బందులోని లోహపు పొరలు ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకుంటూ ఏ కోణంలో వదిలితే అక్కడే బిగిసి ఉంటాయి. 150 డిగ్రీల దాకా ఎక్కడైనా ఆపుకోవచ్చు. చేతికి లొంగేంత మెత్తగా, తెర బరువుకి లొంగనంత గట్టిగా ఉండాలి. ఆ రెండు హద్దుల మధ్య ఉన్న సన్నటి సందులోనే, వేల సార్లు తెరిచి మూసినా, నిలవాలి.

స్టాండ్ వచ్చాక కీబోర్డు బరువుతో పనే లేదు. అయితే చిక్కు ఇంకో చోట మొదలైంది. ట్యాబ్‌కీ కీబోర్డుకీ మధ్య ఉన్నది గుడ్డ మడత. అది ఎటైనా వంగుతుంది, దేన్నీ ఆపదు. బల్ల మీద పర్వాలేదు. తొడల మీద పెట్టి టైప్ చేస్తే కీబోర్డు ఊగిపోతుంది. ప్రో 3లో దీనికి చేసిన మందు చాలా అందమైనది. కీబోర్డు పైఅంచున ఒక సన్నటి పట్టీని మడిచి ట్యాబ్ కింది అంచుకి అయస్కాంతాలతో అతుక్కునేలా చేశారు. కీబోర్డు కొంచెం వాలుగా లేచి, అడుగున చిన్న త్రిభుజం ఏర్పడుతుంది. మూడు భుజాలు కట్టుబడ్డ ఆకారం ఊగదు. రోడ్డు వంతెన ట్రస్సులో పనిచేసే సూత్రమే ఈ రెండు వేళ్ల వెడల్పు పట్టీలోనూ పనిచేస్తుంది.

ఇంత చేసినా ఒక బాకీ మిగిలిపోయింది. కీబోర్డు లోతు 21 సెంటీమీటర్ల పైమాట, దాని వెనక స్టాండు కాలికి ఎనిమిది నుంచి పదమూడు. అంత పొడవు తొడలు అందరికీ ఉండవు. పైగా ఆ కాలి అంచు సన్నటి గీతలా ఒత్తుకుంటుంది. పొట్టిగా ఉన్న విద్యార్థికి స్టాండ్ చివర మోకాలు దాటి గాల్లోకి పోతుంది.

మూడో దారి ఆపిల్‌ది. 2012లో ట్యాబ్‌నీ ల్యాప్‌టాప్‌నీ కలపాలన్న ఆలోచనని టిమ్ కుక్ టోస్టర్‌నీ ఫ్రిజ్‌నీ కలపడంతో పోల్చి కొట్టిపారేశారు. మూడేళ్లకే, 2015లో, కీబోర్డు తగిలించే ఐప్యాడ్ ప్రో వచ్చింది. 2020లో వచ్చిన మ్యాజిక్ కీబోర్డులో ఒకటికి రెండు బందులున్నాయి. మొదటిది వెనక పలకని పైకి లేపుతుంది. రెండోది ఐప్యాడ్‌ని ముందుకు తెచ్చి కీబోర్డు మీద గాల్లో నిలబెడుతుంది. గురుత్వ కేంద్రం వెనక్కి పోకుండా కీబోర్డు పరిధిలోకి వచ్చేస్తుంది. చూడ్డానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ భౌతికశాస్త్రం తన వాటా వసూలు చేసుకుంది. 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 641 గ్రాములైతే, దాన్ని మోయడానికి ఆ కీబోర్డు సుమారు 700 గ్రాములు కావలసి వచ్చింది. రెండూ కలిపితే 1.34 కిలోలు. అదే ఏడాది మ్యాక్‌బుక్ ఎయిర్ 1.29 కిలోలు! వాల్చగల కోణం కూడా 130 డిగ్రీల దగ్గర ఆగిపోయింది.

రెండో దారి, కింద బరువు పెంచడం, అన్నిటికంటే సాహసమైనది. 2015లో వచ్చిన సర్ఫేస్ బుక్ ఆ దారి పట్టింది. ట్యాబ్ 728 గ్రాములు. మిగిలిన 790 గ్రాములు కింద. అంటే పెద్ద బ్యాటరీ, ఖరీదైన మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్ కూడా కీబోర్డు కిందకి దిగాయి. మడతబందు ఒక్క కడ్డీ కాదు, వరసగా పేర్చిన లోహపు ముక్కలు. తెర తెరుస్తుంటే అవి విచ్చుకుని కింది పీఠాన్ని వెనక్కి పొడిగిస్తాయి. ఏతం తొక్కే మనిషి దూలం మీద వెనకాముందూ నడిచి తూకం మార్చినట్టు, ఇక్కడ బరువు కదలకుండా ఆనుడే వెనక్కి నడుస్తుంది. ఎంత వాల్చితే అంత వెనక్కి.

అయితే ఇప్పుడు ట్యాబ్ బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. గుడ్డ మడత సరిపోదు, అయస్కాంతాలూ చాలవు. గట్టి గడియ కావాలి. మళ్లీ ఒక్క నొక్కుకి విడిపోవాలి. లోపల మోటారు పెట్టే జాగా లేదు. అందుకే ఇంజనీర్లు నికెల్-టైటానియం తీగని ఎంచుకున్నారు.

1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళపు ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ పరిశీలించిన లోహం ఇది. దాన్ని వంచినా, సాగదీసినా, వేడి చేయగానే పాత ఆకారానికి వచ్చేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు అందులోని స్ఫటికాలు మార్టెన్‌సైట్ అనే వాలు అమరికలో ఉంటాయి. లాగితే ఆ వాలు ఒక పక్కకి మళ్లుతుంది, పరమాణువుల మధ్య బంధాలు తెగవు. వేడెక్కగానే అన్నీ ఆస్టెనైట్ అనే ఘనాకారపు అమరికలోకి ఒక్కసారిగా సర్దుకుంటాయి. తీగ నాలుగైదు శాతం పొట్టి అవుతుంది, గట్టిగా లాగుతుంది. ఇంజనీర్లు దీన్ని కండర తీగ అంటారు. సర్ఫేస్ బుక్‌లో మీట నొక్కితే, కింది గ్రాఫిక్స్ చిప్‌ని ఏ ప్రోగ్రామూ వాడటం లేదని కంప్యూటర్ ముందు చూసుకుంటుంది. తర్వాత తీగలోకి కరెంటు వెళ్తుంది. తీగ వేడెక్కి, కుంచించుకుని, గడియ లాగేస్తుంది. గేర్లు లేవు, మోటారు లేదు. ఇలాంటి తీగలు సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీల దగ్గర మారేలా తయారవుతాయి. మే నెల రాజమండ్రి ఎండకి గడియ తనంతట తాను ఊడకూడదు మరి. ఇందులో ఒక ఇబ్బందీ ఉంది: ఛార్జ్ బాగా తగ్గిపోతే ట్యాబ్ విడిపోదు. తాళంచెవి కరెంటే కాబట్టి.

ఈ గడియని తలచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ 2021లో సర్ఫేస్ ల్యాప్‌టాప్ స్టూడియో వచ్చి దాని స్థానం తీసుకుంది. అందులో తెర విడిపోదు, ముందుకి జారుతుంది.

ఈ కథకి ముందూ చాలా ఉంది. 1970ల మొదట్లో ఆలన్ కే ఊహించిన డైనాబుక్, 2002లో కీబోర్డు విడిపోయే కాంపాక్ టీసీ1000, ఎన్నో మజిలీలు. అన్నిటినీ దాటేసి గోదావరి జిల్లాల పనుల దగ్గరికి వద్దాం.

డెల్టాలో రైస్ మిల్లు, రొయ్యల వ్యాపారి ఎవరి ఆఫీసు చూసినా లెక్కలు ట్యాలీలో ఉంటాయి. అది విండోస్ ప్రోగ్రామ్. ప్రెస్సుల్లో పెళ్లి కార్డు దగ్గర్నుంచి పాంప్లెట్ వరకు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చేవాళ్లున్నారు. ఐప్యాడ్ వీటిలో దేన్నీ నడపలేదు. ఇంజనీరింగ్ ల్యాబులో పూర్తి ఆటోకాడ్‌కీ విండోసో మ్యాకో కావాలి. విండోస్ పేరుంటే చాలనుకోవడమూ ప్రమాదమే. 2012లో ఆర్మ్ చిప్‌తో వచ్చిన సర్ఫేస్ ఆర్‌టీ పాత విండోస్ ప్రోగ్రామ్‌లు నడపలేక, మరుసటి ఏడాది కంపెనీకి 90 కోట్ల డాలర్ల నష్టం మిగిల్చింది. 2024లో వచ్చిన ఆర్మ్ సర్ఫేస్‌లు పాత ప్రోగ్రామ్‌లను అనువదించుకుని చాలావరకు నడుపుతాయి. కానీ పాత ప్రింటర్‌కి డ్రైవర్ ఆర్మ్ కోసం విడిగా రాసి ఉండాలి. లేకపోతే అది పలకదు.

ట్యాబ్ గెలిచే చోట్లూ నిజమైనవే. సమాకలనాలు, సర్క్యూట్ బొమ్మలు, కర్బన రసాయన నిర్మాణాలు కీబోర్డుతో కొట్టాలంటే నరకం. పెన్నుతో నిమిషం పని. చెరువు గట్టు మీద నిలబడి నీటి పరీక్షల అంకెలు నమోదు చేసేవారికి ల్యాప్‌టాప్ తెరిచే దిక్కే లేదు. వేడి విషయంలోనూ ట్యాబ్‌కి ఒక మేలుంది. ప్రాసెసర్ నిలువుగా ఉన్న తెర వెనక ఉండటంతో వేడిగాలి దానంతట అదే పైకి పోతుంది, తొడలు కాలవు. అయితే చాలా ట్యాబుల్లో ఫ్యాన్ ఉండదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమని ఆపిలే చెబుతుంది. గోదావరి వేసవి ఆ గీతని పొద్దున్నే దాటేస్తుంది.

2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, ఉపాధ్యాయులకి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. 8.7 అంగుళాల శాంసంగ్ ట్యాబులు, పాఠాల వీడియోలతో. చూడటానికి, చదవడానికి అవి సరిపోయాయి. అదే పిల్లవాడు నాలుగు పేజీల వ్యాసం రాయాలంటే తెర మీది కీబోర్డే సగం తెరని మింగేస్తుంది.

ట్యాబ్ ల్యాప్‌టాప్ స్థానాన్ని తీసుకుంటుందన్న మైక్రోసాఫ్టే 2017లో సర్ఫేస్ ల్యాప్‌టాప్ పేరుతో విడిపోని మామూలు ల్యాప్‌టాప్ తెచ్చింది. అప్పటినుంచి రెండూ పక్కపక్కనే అమ్ముతోంది. ఇప్పుడు కొనబోయేవారు షాపులో కీబోర్డు ధర విడిగా ఎంతో అడగాలి, దాని బరువుని ట్యాబ్ బరువుకి కలపాలి. కుర్చీలో కూర్చుని, తొడల మీద పెట్టి, ఒక పేరా టైప్ చేయాలి. తర్వాత తెర పైఅంచుని వేలితో నొక్కి చూడాలి. అది వెనక్కి వాలితే, రోజూ రైల్లోనో బస్సులోనో పని చేసుకోవాల్సినవాళ్లు ల్యాప్‌టాప్ తీసుకోవడం మేలు.