భజనగానమును ఇంట భద్రపఱచుట: మైకు యంత్రముల ఎంపిక

భగవన్నామము పలుకుటకు యంత్రము అక్కఱలేదు. కాని నేడు పలుకుచున్న పెద్దల కంఠము రేపటి మనుమలకు వినబడవలెనన్న యంత్రసాహాయ్యము తప్పదు. 1903 మొదలు 1916 వఱకు చెన్నపట్టణపు రేవునుండి ఫిజీకి వచ్చిన మన పూర్వులలో పెక్కుమంది చదువు నోచుకొనలేదు. చెరకుతోటల లైన్లలో పగటిపని ముగిసిన పిమ్మట పాడుకొనిన పాటలనే వారు మనకు ఆస్తిగా విడిచిపోయిరి. పుస్తకములకు ఎక్కని ఆ పాటలలో కొన్ని ఇప్పుడు కొలదిమంది వృద్ధుల నోట మాత్రమే నిలిచియున్నవి. వారితోడనే అవియు పోవుట మనకు తగునా?

1987 తరువాత ఫిజీ విడిచి న్యూజిలాండు చేరిన కుటుంబములలో కొన్ని క్రైస్ట్‌చర్చ్ నగరమున స్థిరపడినవి. అచ్చటి మన బంధువులకును, ఇచ్చటి మనకును సమస్య ఒక్కటియే: ఇంటి భజనను తక్కువ వ్యయముతో చక్కగా రికార్డు చేయుట ఎట్లు?

ఫోను నొకదానిని నడుమ నుంచినచో డోలకు బిగ్గరగా వినబడును. ముందుపాడువారి మాట అందులో మునిగిపోవును. ఒకమారు కలిసిపోయిన నాదమును విడదీయుట కష్టము. ఒక్కొక్కరికి వేఱువేఱు మైకు ఉంచి, వేఱువేఱు ట్రాకులుగా రికార్డు చేసినచో, తరువాత డోలకును తగ్గించి కంఠమును పెంచవచ్చును. మన పిల్లలకు కావలసినది పాటలోని ప్రతి మాటయు స్పష్టముగా వినబడుట గదా!

మైకునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. వోల్టులో వేయవ వంతులలో ఉండును. దానిని కొన్నివందల రెట్లు, ఒక్కొక్కప్పుడు వేయిరెట్లు పెంచునదే ప్రీఆంప్. ఇట్టివి నాలుగో ఎనిమిదో ఒకే పెట్టెలో అమర్చి, శబ్దమును అంకెలుగా మార్చి కంప్యూటరునకు పంపు యంత్రములు నేడు అంగళ్లలో దొరకుచున్నవి.

తక్కువ ఖర్చు చూచి వెనుదీయ నక్కఱలేదు. క్రైస్ట్‌చర్చ్ నగర చరిత్రమే ఇందుకు సాక్షి. అచ్చట రోజర్ షెపర్డ్ అను నాతడు 1981లో ఫ్లయింగ్ నన్ అను రికార్డుల సంస్థను స్థాపించెను. ఆ యేడే 'ద క్లీన్' అను బృందము నూరు డాలర్లయిన కాని వ్యయముతో ఆ నగరమున రికార్డు చేసిన 'టాలీ హో' అను పాట దేశపు జాబితాలో 19వ స్థానమున కెక్కెను. మరుసటి యేడు 'డనీడిన్ డబుల్' అను రికార్డు క్రిస్ నాక్స్ గారి నాలుగు ట్రాకుల టేపు యంత్రముపైననే తయారయ్యెను. ఆ సంగీతము వేఱు, మన భజన వేఱు. అయినను వారి పట్టుదల మనకును ఆదర్శమే.

ఇక కొనునపుడు గమనింపవలసినవి.

మొదటిది, లెక్క. ముందుపాడువారికి ఒకటి, హార్మోనియమునకు ఒకటి, డోలకునకు ఒకటి, వంతపాడువారికి రెండు: మొత్తము ఐదు. తాళములకు వేఱుగా అక్కఱలేదు; వాని మ్రోత అన్ని మైకులకును అందును. కావున ఎనిమిది ప్రీఆంపులున్న పెట్టె చాలును. చిన్న భజనకు నాలుగే చాలును.

రెండవది, పేరులోని అంకెను చూచి మోసపోరాదు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20, బెహ్రింజర్ యు.ఎం.సి. 1820 అనువానిలో మైకు ప్రీఆంపులు ఎనిమిదే. కొన్ని మిక్సర్లకు మైకులు పెక్కు తగిలింపవచ్చునుగాని, కంప్యూటరునకు రెండు ట్రాకులే పోవును. "ఒకేసారి ఎన్ని ట్రాకులు వేఱుగా రికార్డగును?" అని అడిగియే డబ్బు చెల్లింపవలెను.

మూడవది, మైకుల సంగతి. కండెన్సరు మైకులకు యంత్రము 48 వోల్టులు అందింపవలెను. 1966 నుండి వాడుకలో నున్న షూర్ ఎస్.ఎం. 58 వంటి డైనమిక్ మైకులకు అది అక్కఱలేదు.

నాలుగవది, అధికమైన ధర. భజన బిగ్గరగా సాగునది. మైకు దగ్గఱ నున్నచో చౌక ప్రీఆంపులోని సన్నని బుస వినబడదు. దానికంటె గోడమీది హీట్‌పంపు మ్రోతయే ఎక్కువ. క్రైస్ట్‌చర్చ్‌లో వాయవ్యపు గాలి వీచుదినమున కిటికీలు మూయుట, హీట్‌పంపు ఆపుట, చెక్కనేలపై మైకు స్టాండు క్రింద దుప్పటి మడిచి వేయుట: ఇవి వేల డాలర్ల యంత్రముకంటె మేలుచేయును. మిగిలిన డబ్బు మంచి మైకులకును, స్టాండులకును వినియోగింపుడు.

రికార్డు చేయునపుడు ఎఱ్ఱదీపము వెలుగనీయరాదు. భజన ఊపందుకొనిన కొలది గొంతులు పెరుగును గావున మొదటినుండియు కొంత చోటు విడువవలెను. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్లతో ఎనిమిది ట్రాకులు గంటకు సుమారు 4 గిగాబైట్లగును. రెండు ప్రతులు తీసి రెండు ఇండ్లలో ఉంచవలెను. 2011 ఫిబ్రవరి 22వ తేదీ భూకంపమును చూచిన క్రైస్ట్‌చర్చ్ వారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు. తుపానులు చూచిన మనకును అంతే.

తుదకు ఒక్క మనవి. పాటకు ముందు పాడువారి పేరు, ఊరు, ఆ పాట ఎవరివద్ద నేర్చిరో వారి నోటనే చెప్పింపుడు. యంత్రము రేపయినను కొనవచ్చును. తాతగారి కంఠము రేపు దొరకునని నమ్మరాదు. కావున ఎనిమిది మైకులు సమకూరువఱకు ఆగక, ఉన్నదానితోనే ఈ వారమే ప్రారంభింపుడు. శ్రీరామచంద్రుడు మనకెల్లరకును తోడగుగాక!