ఆదివారం సమాధులు

కాలిఫోర్నియాలోని శాంటా మోనికా బీచ్‌కి జనం సరదా కోసమే వస్తారు. పియర్ మీద జెయింట్ వీల్ తిరుగుతుంటుంది, కింద పిల్లలు అలలతో ఆడుకుంటుంటారు. 2004 ఫిబ్రవరి నుంచి ఏళ్ల తరబడి ఆదివారాల్లో అక్కడ ఇంకో దృశ్యం కూడా కనిపించేది. పియర్‌కి ఉత్తరాన ఇసుకలో వరసలు వరసలుగా తెల్లటి చెక్క శిలువలు. ఒక్కొక్కటీ ఇరాక్‌లో ప్రాణం పోగొట్టుకున్న ఒక అమెరికన్ సైనికుడికి గుర్తు. వాటి మధ్య అక్కడక్కడా యూదు సైనికుల కోసం ఆరు కోణాల నక్షత్రం, ముస్లిం సైనికుల కోసం నెలవంక. ఆ వారంలో చనిపోయినవాళ్ల కోసం జాతీయ జెండా కప్పిన శవపేటికల నమూనాలు.

దాన్ని నిలబెట్టినవాళ్లు పెట్టుకున్న పేరు ‘ఆర్లింగ్టన్ వెస్ట్’. వాషింగ్టన్‌కి నది అవతల, వర్జీనియాలో 1864లో ఏర్పడిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక అమెరికన్లకు పుణ్యస్థలం లాంటిది. దేశానికి ఈ కొసన పసిఫిక్ ఒడ్డున మామూలు మనుషులు, ప్రభుత్వం అడక్కుండానే, ఆ పేరుతో తమ శ్మశానాన్ని తామే నిలబెట్టారు.

మొదలైంది శాంటా మోనికాలో కాదు. అదే తీరంలో ఇంకాస్త పైనున్న శాంటా బార్బరాలో. 2003 మార్చిలో ఇరాక్ మీద దాడి మొదలైంది. మే 1న అధ్యక్షుడు బుష్ విమానవాహక నౌక మీద నిలబడి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించాడు. అయినా చావుకబుర్లు ఆగలేదు. శవపేటికలు దిగే డోవర్ వైమానిక స్థావరంలో ఫొటోలు తీయకూడదన్న నిషేధం 1991 నుంచీ అమల్లో ఉండేది. దాంతో టీవీలో అంకె వినపడేదే తప్ప, ఆ అంకె ఎంతమంది మనుషులో కంటికి కనపడేది కాదు. 2003 నవంబరులో స్టీఫెన్ షెరిల్ అనే స్థానికుడు స్టెర్న్స్ వార్ఫ్ అనే రేవు పక్కన ఇసుకలో మూడు వందలకు పైగా శిలువలు పాతాడు. కంటికి కనపడని లెక్క ఊరి మధ్యకు వచ్చేసింది.

ఆ పనిని ‘వెటరన్స్ ఫర్ పీస్’ సంస్థ స్థానిక శాఖలు భుజానికెత్తుకున్నాయి. 1985లో మాజీ సైనికులే పెట్టుకున్న సంస్థ అది. వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్లు అందులో చాలామంది. యుద్ధం వద్దనేవాళ్లకు సైనికుడి బాధేం తెలుసని ఎవరైనా అనబోతే, ఎదురుగా నిలబడి ఉన్నవాడే సైనికుడు! అందుకే ఆ ఉద్యమానికి అంత బలం వచ్చిందని నేను నమ్ముతాను.

ఆ చాకిరీ గురించి చెప్పుకోవాలి. పొద్దున్నే సామాను దించాలి. వరసలు చెదరకుండా ఒక్కో శిలువా పాతాలి. సూర్యాస్తమయానికి అన్నీ పీకి సర్దేయాలి. మళ్లీ ఆదివారం అంతా కొత్తగా మొదలు. అప్పటికి లెక్క ఇంకొంచెం పెరిగి ఉంటుంది. మరణాలు వేలల్లోకి వెళ్లాక చెక్కా చాల్లేదు, చేతులూ చాల్లేదు. శాంటా మోనికాలో పది మందికి ఒక ఎర్ర శిలువ చొప్పున కలపాల్సి వచ్చింది. శాంటా బార్బరాలో మూడు వేల దగ్గర ఆపేశారు. ఇంత ఓపిక ఉపన్యాసాలతో రాదు. వచ్చినవాళ్లు కాగితం మీద సైనికుడి పేరు రాసి శిలువకు తగిలించేవాళ్లు, పువ్వు పెట్టేవాళ్లు. వాళ్లలో కొడుకుని పోగొట్టుకున్న తల్లులున్నారు, తోటివాడిని పోగొట్టుకున్న సైనికులున్నారు.

అందరూ మెచ్చలేదు. మా బిడ్డ పేరు మీ ఉద్యమానికి వాడకండన్న కుటుంబాలున్నాయి. 2005 ఆగస్టులో, ఇరాక్‌లో కొడుకుని పోగొట్టుకున్న సిండీ షీహన్ టెక్సాస్‌లోని క్రాఫర్డ్‌లో బుష్ పొలం దగ్గర శిబిరం వేసింది. అక్కడ పాతిన శిలువల మీదుగా ఒకడు పికప్ ట్రక్కు నడిపాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోనే లఫాయెట్ ఊళ్లో రైల్వే స్టేషన్ ఎదుటి కొండవాలు మీద శిలువలు వెలిస్తే, వాటితోపాటు పెట్టిన మృతుల సంఖ్య బోర్డుని పీకేశారు. ట్రక్కు తొక్కించడం దౌర్జన్యమే. పేరు తీసేయమన్న తల్లిదండ్రుల మాట మాత్రం వేరు. బిడ్డ పేరు మీద మొదటి హక్కు వాళ్లది. అడిగినప్పుడు తీసేయడమే మర్యాద.

మృతవీరులను గౌరవిస్తూనే యుద్ధాన్ని ప్రశ్నించడం కుదురుతుందా? వియత్నాం యుద్ధం 1975లో ముగిసింది. 58 వేలకు పైగా పేర్లున్న నల్లరాతి గోడ వాషింగ్టన్‌లో 1982లో లేచింది. గొప్ప కట్టడమే. కానీ అది లేచేనాటికి ఆ గోడ మీద పేరు చేరకుండా ఎవరినీ కాపాడే అవకాశం మిగల్లేదు. ఆర్లింగ్టన్ వెస్ట్ యుద్ధం నడుస్తుండగానే లేచింది. అక్కడ పాతాల్సిన తర్వాతి శిలువ ఎవరిదో అప్పటికింకా రాసిపెట్టి లేదు, యుద్ధం ఆపితే ఆగేది. చనిపోయినవాడికి దండం పెట్టి బతికున్నవాడిని వెనక్కి పిలవడంలో ద్రోహమెక్కడుంది? సైనికుడిని అంతకంటే ప్రేమించడం నాకు తెలియదు.

డోవర్‌లో ఫొటోల నిషేధం 2009లో తొలగింది, కుటుంబం ఒప్పుకుంటే తీయవచ్చన్నారు. 2011 డిసెంబరులో అమెరికా దళాలు ఇరాక్ నుంచి వెనక్కి వచ్చేశాయి. అప్పటికి దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు ప్రాణాలు వదిలారు. చనిపోయిన ఇరాకీ పౌరులు లక్షకు పైనే. వాళ్లకూ మనిషికొక గుర్తు పాతాలంటే పియర్ పక్కనున్న ఆ కాస్త ఇసుక ఏ మూలకూ చాలదు. అమెరికన్ సైనికుల పేర్లు ఒక్కటీ పోకుండా పెంటగాన్ దగ్గర ఉన్నాయి. చనిపోయిన ఇరాకీ పౌరులందరి పేర్లతో పూర్తి జాబితా మాత్రం ఎవరి దగ్గరా లేదు.