తండ్రికి దమ్ముంటే బిడ్డకూ తప్పదా?

యాలాల్ పల్లెల తల్లులు నన్ను తరచూ అడుగుతుంటారు: "సార్, మా ఆయనకు దమ్ముంది. పిల్లగానికి కూడా వస్తదా?"

వచ్చి తీరాలని లేదు. 2007లో శాస్త్రజ్ఞులు 17వ క్రోమోజోములో చిన్ననాటి ఉబ్బసంతో ముడిపడిన జన్యుభాగాన్ని గుర్తించారు. ఆ జన్యుభేదమున్న పసిపిల్లలకు ఇంట్లో పొగాకు పొగ తోడైతే ముప్పు మరింత పెరుగుతుందని 2008లో తేలింది. పొగ జన్యువుల రాతను మార్చకుండానే, వాటికి అంటి ఉండే మిథైల్ గుర్తులను మార్చి, అవి పనిచేసే తీరును మార్చగలదు.

తాతతండ్రులిచ్చిన జన్యువులను మనం మార్చలేం, బీడీని ఆర్పగలం. నాపరాళ్ల పాలిషింగ్ పనినుంచి రాగానే స్నానంచేసి, బట్టలు మార్చుకున్నాకే బిడ్డనెత్తుకోండి. డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలరును, ఆయాసం తగ్గిందని మీరే మానేయకండి.