మిక్సరు కూడా పక్కవాద్యమే

మా వృత్తిలో మంచి పేరంటే మా ఊసు ఎవరూ ఎత్తకపోవడమే. రాజమండ్రి చుట్టుపక్కల రామనవమి పందిళ్లకీ, త్యాగరాజ ఆరాధనలకీ మైకు సెట్టు పెట్టడం నా పని. వయొలిన్ వాయించే అమ్మగారు "కొంచెం ఎకో పెట్టు బాబూ" అంటే పెడతాను. బాక్సు కీచుమంటే ఫేడరు, అదే శబ్దం పెంచి తగ్గించే మీట, దించుతాను. కరెంటు పోతే జనరేటరు దగ్గరికి పరుగెడతాను. కచేరీ బాగుందన్నారంటే నేనెవరికీ గుర్తురాలేదన్నమాట.

మిక్సరు ముందు కూర్చున్నవాడి చేతిలోనే సగం కచేరీ ఉండే సంగీతం కూడా ఒకటుంది. వేదిక మీద ఒక్క వయొలినో, ఒక్క సెల్లోనో ఉంటుంది. తీగ మోగుతుండగానే ఆ శబ్దాన్ని యంత్రాలు అందుకుని, మార్చి, అప్పటికప్పుడే హాల్లోకి వదులుతాయి. దీన్ని లైవ్ ఎలక్ట్రానిక్స్ అంటారు. ట్రాకు వేసుకుని దాని మీద వాయించడం వేరే సంగతి. ట్రాకు ఎవరికోసమూ ఆగదు, వాయించేవాడే దాని వెంట పడాలి. ఇక్కడ యంత్రమే వాద్యకారుడి వెంట నడవాలి. మృదంగం ఆయన గాయకుడి నోటివంక చూస్తూ వాయిస్తాడే, సరిగ్గా ఆ పనే ఇది.

ఇందులో నేను పదేపదే వినేది 'పెటల్స్'. రాసినావిడ కైయా సారియాహో (1952–2023). ఫిన్లాండులో పుట్టి, 1982లో పారిస్ చేరి, ఇర్కామ్‌లో పనిచేసింది. ఇర్కామ్ అంటే పాంపిడూ సెంటర్ పక్కన, చాలావరకు నేల కిందే కట్టిన సంగీత పరిశోధన సంస్థ. 1977 నుంచి నడుస్తోంది. 'పెటల్స్' 1988లో రాసిన సెల్లో కృతి, పది నిమిషాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మొదట వాయించినవాడు ఆన్సీ కార్టునెన్. ఎలక్ట్రానిక్స్ లేకుండా వాయించుకోవచ్చని కూడా ఆవిడే వెసులుబాటిచ్చింది.

దానికి కావలసిన సామాను జాబితా చూస్తే నాలాంటివాడికి నవ్వొస్తుంది. మైకు, రెవర్బ్, హార్మోనైజరు, అంతే. రెవర్బ్ అంటే మనవాళ్లు ఎకో అని అడిగేదే. ఖాళీ కల్యాణమండపంలో చప్పట్లు కొడితే వెనకాల సాగుతుందే, ఆ నాదాన్ని పెట్టెలోంచి పుట్టించడం. హార్మోనైజరు వచ్చిన స్వరాన్ని పైకో కిందికో జరిపి, అసలు స్వరంతో కలిపి వినిపిస్తుంది. ఆ పేరుతో ఈవెంటైడ్ కంపెనీ పెట్టె 1975లోనే మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండూ ఎక్కడ ఎంత ఉండాలో స్కోరులోనే సూచనలుంటాయి. అంటే ఫేడరు మీది వేలికి కూడా సంగీతం రాసిపెట్టారన్నమాట.

సారియాహోకు స్వరం ఎంత ముఖ్యమో రొద కూడా అంతే ముఖ్యం. స్వచ్ఛమైన స్వరం ఒక కొసన, ఒట్టి గరగర ఇంకో కొసన పెట్టుకుని, ఆ రెంటి మధ్యా నడుస్తుంది ఆవిడ సంగీతం. కమానును బ్రిడ్జి వైపు జరిపి తేలిగ్గా లాగితే స్వరం పలచబడి పైస్థాయి హార్మోనిక్కులు బయటపడతాయి. బాగా నొక్కి లాగితే తీగ గీరుకుంటుంది. మన గురువులైతే ఆ గీరుడు వినపడగానే కమాను లాక్కుంటారు! 'పెటల్స్'లో ఆ గీరుడే కథ నడిపిస్తుంది. సన్నటి వణుకు క్రమంగా బరువెక్కి గరగరగా మారేటప్పుడు రెవర్బ్ దాన్ని హాలంతా పరుస్తుంది. మిక్సరు దగ్గరి మనిషి ఒక్క క్షణం ముందు ఫేడరు ఎత్తాడా, బరువు దిగే చోటు కాస్తా చెడిపోతుంది. నాకైతే ఇది మృదంగం తని ఆవర్తనానికి ఏమాత్రం తీసిపోని పని.

స్వరకర్త పియెర్ బులెజ్ రాసిన 'ఆంతెమ్ 2' యంత్రానికి ఇంకా బాధ్యత అప్పగించింది. 1991లో ఒంటి వయొలిన్‌కు రాసిన కృతిని ఆయన పెంచి పెద్దచేశాడు. 1997లో జర్మనీలోని డోనాయెషింగెన్‌లో హేసున్ కాంగ్ దాన్ని తొలిసారి వాయించింది. ఎలక్ట్రానిక్స్ చూసింది ఆండ్రూ గెర్జో. ఇక్కడ కంప్యూటరు దగ్గర కూడా స్కోరు ఉంటుంది. వయొలిన్ వింటూ, వాయించే ఆవిడ ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకుంటూ తన పని తాను అందుకుంటుంది. వేలితో మీటిన స్వరం శ్రోతల చుట్టూ పెట్టిన స్పీకర్లలోకి చెదిరిపోతుంది.

ఇలాంటి పనులకే ఇర్కామ్‌లో 1980లలో మిల్లర్ పకెట్ 'మాక్స్' అనే సాఫ్ట్‌వేరు మొదలుపెట్టాడు. ఈ రంగంలో చాలామంది నేటికీ వాడేది దాన్నే. ఆయనే తర్వాత చేసిన 'ప్యూర్ డేటా' ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. ఖర్చు కన్నా ఆలస్యం పెద్ద సమస్య. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి స్పీకరు మూడున్నర మీటర్ల దూరాన ఉంటేనే పది మిల్లీసెకన్లు ఖర్చు. కంప్యూటరు దాని మీద తనదీ కలిపితే వాయించేవారి చేతికి తెలిసిపోతుంది.

మనకు ఇది మరీ పరాయిదేం కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) కరెంటు మాండలిన్ మీద గమకాలు పలికించాడు. అది తీగ మోతను పెంచి నిలబెట్టడం వరకే. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' ఆల్బమ్‌లో మాత్రం ఆయన మాండలిన్ చుట్టూ ఎలక్ట్రానిక్ శబ్దాలు అల్లుకుంటాయి. మన సభల్లో ఆ దారి పట్టినవాళ్లు నా కంటబడలేదు. పడితే కేబుళ్లు నేను మోసుకొస్తాను.

'పెటల్స్' వినాలనుకుంటే ఫోను స్పీకర్లో వద్దు. సెల్లో కింది తీగ అందులో సరిగా పలకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. సభల నిర్వాహకులకు మరొక మనవి. కరపత్రంలో తంబూరా వేసేవారి పేరు దాకా వేస్తున్నారు, ఆ కిందే మైకు మనిషి పేరు కూడా వేయండి.