ఫిలిప్పీన్స్ పిండివంటలు: వాటి మూలాలు

ఫిలిప్పీన్స్ మిఠాయిలలో చాలావాటికి స్పానిష్ పేర్లు ఉండటం చూసి, ఆ దేశపు తీపి వంటలన్నీ 1565 నుంచి 1898 వరకు సాగిన స్పెయిన్ పాలనలో వచ్చినవేనని భావించడం సరికాదు. అంతకు ఎంతో ముందే ఆ ద్వీపవాసులు బియ్యం, కొబ్బరి, అరిటాకు ఆధారంగా సొంత వంట సంప్రదాయాన్ని ఏర్పరచుకున్నారు. 'కకానిన్' అని పిలిచే బియ్యపు పిండివంటలకు మూలం అదే.

వీటిలో అనేకం 'గలపోంగ్' అనే, నానబెట్టి రుబ్బిన బియ్యపు పిండితో తయారవుతాయి. పులిసిన పిండిని అరిటాకు పరచిన మట్టి పాత్రలో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చినది బిబింగ్కా కాగా, ఆవిరిపై ఉడికించినది మన ఇడ్లీని తలపించే పుతో. జిగురు బియ్యాన్ని కొబ్బరిపాలతో కలిపి ఆకులో చుట్టి ఉడికిస్తే సుమన్, బెల్లపు పాకంతో దగ్గరగా ఉడికిస్తే బీకో అవుతాయి. కొబ్బరిపాలను నూనె తేలేదాకా కాచినప్పుడు మిగిలే గోధుమరంగు పలుకులైన 'లాతిక్'ను బీకోపై చల్లుతారు. డిసెంబరు 16 నుంచి 24 వరకు తెల్లవారుజామున జరిగే 'సింబాంగ్ గాబి' ప్రార్థనల తరువాత చర్చి వాకిళ్ల వద్ద బిబింగ్కాతో పాటు, వెదురు గొట్టాలలో ఉడికించే ఊదారంగు పుతో బుంబోంగ్ అమ్ముతారు. పండుగ స్పెయిన్ తెచ్చినదే అయినా దాని రుచి మాత్రం దేశీయమే.

పరాయి వంటలను సైతం ఈ ప్రజలు తమవిగా మలచుకున్నారు. నూడుల్స్‌తో చేసే పన్సిత్, కూరిన చుట్టలైన లుంపియా చైనా వర్తకుల ద్వారా రాగా, 1815 వరకు మనీలా, అకపుల్కోల మధ్య సాగిన ఓడ వర్తకం మెక్సికో నుంచి కోకోను తెచ్చింది. అక్కడ మొక్కజొన్న పిండితో కాచే చాక్లెట్ పానీయం ఇక్కడ జిగురు బియ్యంతో వండే చంపొరాదో అయింది. దానిని ఎండుచేపతో తినడం ఫిలిప్పీన్స్ ప్రత్యేకత.

భారతీయ సంబంధమూ లేకపోలేదు. 1762లో మద్రాసు నుంచి బయలుదేరి మనీలాను ఆక్రమించిన బ్రిటిష్ దండులోని సిపాయీలు కొందరు కైంతా ప్రాంతంలో స్థిరపడ్డారు. వేరుసెనగ గుజ్జుతో వండే కరె-కరె వారి కూర నుంచే పుట్టిందనే వాదం ఆసక్తికరమైనదే గాని, దానిని నిరూపిత సత్యంగా స్వీకరించడం తొందరపాటు. నేడు కైంతా బిబింగ్కాకు, సుమన్‌కు ప్రసిద్ధి.

వైద్యవిద్య కోసం ఆ దేశానికి వెళ్లే తెలుగు విద్యార్థులు ఈ పిండివంటలను తప్పక రుచి చూడాలి. నేటి బిబింగ్కాలో సాధారణంగా గుడ్డు కలుస్తుంది కనుక, గుడ్డు తినని వారికి సుమన్, బీకో అనువైనవి.